కారం సేమ్యా

మా మనవరాలు రిబ్కాకి వంట రాదు, కొరియా వంట వచ్చు. పప్పులో ఉప్పు ఎంత వెయ్యాలో మూడుసార్లు అడిగే పిల్ల, ఎక్కడో సముద్రాల అవతల వాళ్లు ఎండాకాలం చల్లగా కలుపుకుని తినే నూడుల్సు సంగతి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఇంటరులో పట్టుకుంది ఈ పిచ్చి. పొద్దస్తమానం ఫోన్లో ఆ దేశం సీరియళ్లు చూడడం, అందులో వాళ్లు జుర్రుమని లాగుతుంటే ఇక్కడ దీనికి నోరూరడం. ఎర్రటి డబ్బాలో మిరపముద్ద ఒకటి తెప్పించుకుని మా ఫ్రిజ్జులో మాగాయ సీసా పక్కన పెట్టుకుంది. మా అమ్మాయి ఉద్యోగానికి గుమ్మం దాటగానే ఆ డబ్బా బయటికి వస్తుంది. పది నిమిషాల్లో గిన్నె నింపుకుని, ముందు ఫొటో తీసుకుని, తర్వాత తింటుంది. తినే ముందు ప్రార్థన చేసుకోవే అంటే, ఫొటో తీశాను కదా అమ్మమ్మా అంటుంది. ఇంక బలవంతపెట్టను. తిండికి ముందు, తిండికి తర్వాత, తెల్లారక ముందు చేసే ప్రార్థనలు ఎలాంటివో చిన్నప్పుడే కడుపు నిండా విన్నదాన్ని.

మొన్న మధ్యాహ్నం అది వంటింట్లోకి దూరినప్పుడు ముందుగదిలో నేను, నా ఎదురుగా మంచం మీద మా సువార్తక్క కూర్చుని ఉన్నాం. సువార్తక్క మా పెద్దమ్మ కూతురు. నాకంటే ఏడాది పెద్ద. రోలుగుంట అవతల పల్లెలో ఉంటుంది. కంటికి ఆపరేషను చేయించుకుని వారమైంది, మళ్లీ చూపించుకోవడానికి చోడవరం వచ్చింది. నల్లటి కళ్లద్దాలు, సగం మొహం వాటి కిందే ఉంది. సాయంత్రం కొడుకు బండి మీద వచ్చి తీసుకెళ్లేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కనక మా ఇంటికి వచ్చింది. పెళ్లిళ్లకీ చావులకీ మేం కలుస్తూనే ఉన్నాం, మాటలు లేకపోవడం లాంటిదేమీ లేదు. కానీ ఆమె మా ఇంట్లో తినదు. యాభై ఏళ్లు దాటింది, ఒక్క మెతుకు ముట్టలేదు. మా అమ్మ పోయిన రోజున కూడా ఊరంతా తిన్నాక అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "తినే వచ్చేనే."

ఎందుకు తినదో నాకు తెలుసు. మా ఇంట్లో ఆమె తిన్న ఆఖరి తిండి ఏమిటో ఇంటిల్లిపాదికీ తెలుసు. దాన్ని ఎవరు చేయించారో మాత్రం నాకొక్కదానికే తెలుసు. కనీసం నేను అలా అనుకుంటూ బతికాను. ఆ ఒక్క మాట ఆమె మొహం మీద చెప్పేసి, తప్పయిపోయింది అక్కా అనాలని ప్రతిసారీ నోటిదాకా తెచ్చుకోవడం, మజ్జిగ తాగుతావా అని అడిగి ఊరుకోవడం. ఇద్దరం డెబ్బై దగ్గర పడ్డాం. ఆమె కంటి చూపు పోయి వచ్చింది. ఇంక ఎన్నాళ్లు దాస్తానని ఆ రోజు గట్టిగానే అనుకున్నాను, ఈ పిల్ల వంటింట్లోంచి తల బయటపెట్టే లోపల.

"పెద్దమ్మమ్మా, నూడుల్స్ తింటావా? టెన్ మినిట్సే," అంది రిబ్కా.

"అవేటే?"

"కొరియా వాళ్లవి. అసలు నూడుల్స్ అయిపోయాయిలే, సేమ్యాతో చేసేస్తన్నాను, రెండూ ఒకటే. పాలూ గీలూ వెయ్యరు. బాగా ఉడకబెట్టి, వార్చేసి, చన్నీళ్లలో మూడుసార్లు కడగాలి, జిగురంతా పోవాలి. తర్వాత ఈ రెడ్ పేస్టు, కొంచెం తీపి, కొంచెం పులుపు. వెనిగర్ లేదు, నిమ్మకాయ పిండేస్తాను. పైన నువ్వుల నూనె. అంతే!"

నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. అది చెప్పిన ప్రతి ముక్కా నాది. పన్నెండేళ్ల వయసులో, ఈ ఊళ్లోనే, నిలబడ్డ పాటున నేను అల్లి చెప్పినవే ఆ మాటలు. అప్పుడు నాకు కొరియా అనే దేశం ఉందని కూడా తెలియదు. సువార్తక్క తల తిప్పి నల్లద్దాల్లోంచి నా వైపు చూసింది, లేదా చూసినట్టు అనిపించింది. తినే వచ్చేనే అంటుందని ఎదురుచూశాను.

"సెయ్యి. తింతాను," అంది.

అప్పట్లో మా ఇల్లు చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్కన ఉండేది. మా నాన్న ఆ ఫ్యాక్టరీలో గుమస్తా. చెరకు ఆడే రోజుల్లో ఊరంతా కాగుతున్న రసం వాసన, ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి, రాత్రీ పగలూ చెరకు బళ్ల చప్పుడు. కొత్తగా వచ్చినవాళ్లకి ఆ వాసన తియ్యగా ఉంటుంది, వారం పోయాక కడుపులో తిప్పుతుంది. ఇంట్లో పెత్తనం మా నాన్నది కాదు, ఆయన తల్లిది. మా నాయనమ్మ మా చర్చిలో పెద్ద. పదవంటూ ఏమీ లేదు, కానీ ప్రసంగం మరీ సాగితే ఆవిడ ముందు బెంచీలోంచి ఒక దగ్గు దగ్గేది, పాస్టరు అయ్యగారు ఆమెన్ అనేసేవారు. నడుముకి తాళాలగుత్తి, తెల్ల చీర, ఎప్పుడూ అరిచేది కాదు. ఆవిడకి అరవాల్సిన పని లేదు. తెల్లవారుజామున లేచి వంటింటి గుమ్మంలో మోకాళ్లూని ఇంటిల్లిపాదికీ వినపడేట్టు ప్రార్థన చేసేది. మా ఇంట్లో తిట్లన్నీ ఆ ప్రార్థనలోనే. "ప్రభువా, నా కోడలు నిన్న పాలు పొంగబెట్టేసింది, దాని పరాకుని సెమించు. నా కొడుకు పెళ్లాం మాట ఇంటన్నాడు, ఆడికి బుద్ధియ్యి." మేం దుప్పట్లో కళ్లు మూసుకుని, ఇవాళ మన పేరు వస్తుందా రాదా అని ఊపిరి బిగబట్టుకుని వినేవాళ్లం. పేరు వచ్చినవాళ్లు ఆ పూట తలెత్తేవారు కాదు. దేవుడితో చెప్పిందానికి ఎదురు చెప్పేదెవరు?

అలాంటి ఇంటికి వచ్చింది సువార్తక్క, ఒక రేకు పెట్టె పట్టుకుని. వాళ్ల నాన్న పోయాడు. వాళ్ల ఊళ్లో ఏడు దాకానే బడి. పది పాసయ్యేదాకా ఉంచుకోమని పెద్దమ్మ వచ్చి మా అమ్మ చేతులు పట్టుకుంది, మా అమ్మ వెళ్లి నాయనమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. నాయనమ్మ ఆలోచించి, "ఏడాది సూస్తాను. తర్వాత సంగతి తర్వాత," అంది. ఆ మర్నాటి నుంచి ప్రార్థనలో కొత్త పేరు చేరింది. "తండ్రీ, ఈ పరాయి గుంటని మా నెత్తిన పెట్టేవు. ఎంతేసి తింటందో నువ్వే సూడు." పక్క చాప మీద సువార్తక్క కళ్లు తెరుచుకుని కప్పుకేసి చూస్తూ పడుకుని ఉండేది. నాకు నవ్వొచ్చేది, దుప్పటి నోట్లో కుక్కుకునేదాన్ని.

ఆమెకి ఒక సత్తు పళ్లెం విడిగా ఉండేది. మా పళ్లేలతో కలవకుండా దాని అంచుకి మేకుతో గంటు పెట్టించింది నాయనమ్మ. పొద్దున్న మాకు కాఫీ, రొట్టె. ఆమెకి రాత్రి అన్నం వార్చిన గంజి, ఒక ఉప్పుకల్లు. అన్నం వార్చే పని కూడా ఆమెదే. గుండిగ మీద మూత పెట్టి, పాత గుడ్డతో పట్టుకుని, వేడి ఆవిరి మొహానికి తగలకుండా మెడ పక్కకి తిప్పి వంచేది. ఒక్క మెతుకు జారేది కాదు. చేతులు అంత నేర్పుగా ఉండేవి. బళ్లో కూడా అంతే. గుండ్రటి అక్షరాలు, ముత్యాల్లా ఉండేవి. అంతకు ముందు మా నాన్న ఏ అర్జీ నకలు కావాలన్నా నన్ను పిలిచేవాడు. ఆమె వచ్చిన నెలకి, "సువార్తా, ఇలా రా అమ్మా, ఇది రాసిపెట్టు," అనడం మొదలుపెట్టాడు. నేను పక్కనే ఉంటే, "నువ్వు దీపం పట్టుకో," అనేవాడు. అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కలకి ఆమెకి తొంభై పైన వచ్చాయి. నాకు ఎన్నొచ్చాయో ఇప్పుడు చెప్పుకోవాలన్నా సిగ్గే. మాస్టారు నన్ను నిలబెట్టి, ఆమె నోటుపుస్తకం నా చేతికిచ్చి, "మీ ఇంట్లోనే ఉంది కదా, చూసి నేర్చుకో," అన్నాడు. ఆ రోజు ఇంటికి వస్తూ దారి పొడుగునా నాలుగడుగుల వెనక నడిచింది సువార్తక్క. పక్కకి రావడానికి భయపడింది. వెనక్కి తిరిగి నేను చూసిన చూపు అలాంటిది.

ఏడాది గడువు ఈస్టరు ఆదివారంతో తీరిపోయింది. ఆ రోజు మా ఇంట్లో అయ్యగారికీ, ఆయన భార్యకీ, ఇంకో ఇద్దరు సంఘ పెద్దలకీ భోజనాలు. తెల్లారకముందే ప్రార్థనలో తీర్పు వినిపించింది. "ప్రభువా, ఇవాల పాయసం ఈ గుంట సేత సేయిస్తన్నాను. సుబ్బరంగా సేస్తే ఉంటాది. నేకపోతే బస్సెక్కుతాది. నువ్వే సాక్షి." మా అమ్మ కోడిపులుసూ అన్నమూ చీకట్లోనే దించేసింది. సేమ్యా అంటే అప్పట్లో మా ఇంట్లో ఏడాదికి రెండుసార్లు కనపడేది, అది కూడా పాయసంలోనే. ఉప్మా చేస్తారని మాకు తెలియదు. పొడుగాటి పుల్లలు, కాగితంలో చుట్టి డబ్బాలో దాచేవారు. చర్చికి బయల్దేరుతూ మా అమ్మ, "పాలు ముందు మరగబెట్టి," అని ఏదో అనబోయింది. నాయనమ్మ తాళాలగుత్తి చప్పుడు చేసి, "సెప్పకు. దానికి తెలుసో నేదో సూడాల," అంది. నాకు తలనొప్పి అని చెప్పి నేను ఇంట్లో ఉండిపోయాను. తలనొప్పి లేదు. ఏం చెయ్యాలో కూడా అప్పటికింకా తెలియదు. ఆమె ఒక్కతీ వంటింట్లో నాయనమ్మ తాళాలు తెరిచిచ్చిన డబ్బాల మధ్య నిలబడి ఉంటే, అది కూడా నేను ఓర్వలేకపోయాను, అంతే.

సువార్తక్క పాలగిన్నె పొయ్యి మీద పెట్టబోతుంటే వెళ్లాను. "పాలెందుకు? నాయనమ్మ నీతో చెప్పలేదా?" అన్నాను.

"ఏటి?"

అప్పుడు పుట్టింది నా నోట్లో ఆ వంటకం. అయ్యగారికి చక్కెర జబ్బట, తీపి తగలకూడదట, అందుకని కారం సేమ్యా చెయ్యమని నాతో చెప్పి వెళ్లిందట. అబద్ధానికి వివరాలు ఉంటేనే నిలబడుతుందని నాకు ఆ వయసుకే తెలుసు. సేమ్యా విరవకూడదు. అన్నంలాగే ఉడకబెట్టి వార్చాలి. నూతి నీళ్లతో మూడుసార్లు కడగాలి, జిగురు పోవాలి. పండుమిరప పచ్చడి నాలుగు గరిటెలు. ఘాటు విరగడానికి చిన్న బెల్లం ముక్క. నిమ్మకాయ. పైన నువ్వుల నూనె. ఒక్కొక్కటి చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది, ఎక్కడినుంచి వస్తున్నాయి ఇవన్నీ అని.

"పాలొద్దేటే? నిజమేనా విమలా?" అని అడిగింది. కాసేపాగి మళ్లీ అడిగింది. మూడోసారి కూడా అడిగింది.

"నాయనమ్మ మాట అబద్ధమంటావా? వచ్చాక అడుగుదామా?" అన్నాను.

పాలగిన్నె పక్కన పెట్టేసింది. సేమ్యా ఉడకబెట్టి, గుండిగ వంచి, మెడ పక్కకి తిప్పి వార్చింది. నిమ్మకాయలు నేనే కోసి పిండాను, సాయం చేసినట్టు. కలిపాక ఒక పోగు తీసి నోట్లో వేసుకున్నాను. నిజం చెప్పాలంటే, బాగుంది.

భోజనాలయ్యాయి. "పాయసం తేవే," అంది నాయనమ్మ. సువార్తక్క గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి మూత తీసింది. ఎర్రగా నిగనిగలాడుతూ, నూనె తేలుతూ ఉంది.  అయ్యగారి భార్య ఫక్కున నవ్వేసింది. "ఇదేటండీ అమ్మా, సేమ్యా ఆవకాయేటి?" అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు, అరవలేదు. "ఎవుతు సెప్పింది నీకు ఇలగ సెయ్యమని?" అని మెల్లగా అడిగింది.

సువార్తక్క నన్ను చూసింది. తలుపు పక్కన నిలబడి ఉన్నాను. నా గోట్లో నిమ్మగింజ తొక్క ఇరుక్కుని ఉంది, దాన్ని గీక్కుంటున్నాను. నిమిషం పట్టి ఉంటుంది. అంతసేపూ ఆమె నన్నే చూసింది, నేను గోరే చూసుకున్నాను.

"ఎవురూ సెప్పనేదు మామ్మగారూ. నాకు తెలవక సేసేను."

"అలగా. అయితే సేసినోళ్లే తినాల. కూకో."

గంటు పెట్టిన సత్తు పళ్లెం తెప్పించింది. గరిటె మా అమ్మ చేతిలో పెట్టింది, సొంత అక్క కూతురికి సొంత పిన్ని వడ్డించాలని. ఎనిమిది మందికి చేసిన గిన్నె అది. అయ్యగారు, "పోనీలెండమ్మా, చిన్నపిల్ల," అని ఒక్కసారి అన్నారు. నాయనమ్మ దగ్గింది. ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు వక్కపొడి నములుతూ కూర్చుని చూశారు. మొదటి పళ్లెం మామూలుగానే తింది. రెండోది మెల్లగా తింది. మూడోదానికి ముక్కూ కళ్లూ ఏకమై గడ్డం మీదుగా కారుతున్నాయి, ఒక చేతిలో పళ్లెం, ఒక చేతిలో ముద్ద, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మా అమ్మ గరిటె ఆపింది. "అత్తయ్యా, పిల్లకి కళ్లంట నీళ్లు కారిపోతన్నాయండీ," అంది.

"ఏటీ కాదు. ఇంకొంచెం ఎయ్యి," అంది నాయనమ్మ. "గిన్నె అడుగు కనపడాల."

కనపడింది. ఆ తర్వాత సువార్తక్క పెరట్లో నూతి దగ్గర గట్టు పట్టుకుని వాంతి చేసుకుంది. నేను చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. పుచ్చుకుని తాగింది. నావైపు చూసింది. నేను చెంబు అక్కడే వదిలేసి లోపలికి వచ్చేశాను. మర్నాడు తెల్లవారుజామున ప్రార్థన వినడానికి దుప్పటి అక్కర్లేకపోయింది, ఇల్లంతా మేలుకునే ఉంది. "తండ్రీ, ఆ మొద్దుని దాని తల్లి దగ్గరకి సేర్చు. నా మనవరాలు విమల లాంటి బుద్ధిమంతురాలిని నాకిచ్చినందుకు నీకు స్తోత్రం." జీవితంలో నా పేరు ఆ ప్రార్థనలో మెప్పుగా వచ్చింది ఆ ఒక్కసారే. నేను సంతోషించాను. ఆ మాట దాచుకుని ప్రయోజనం లేదు, సంతోషించాను. మూడోరోజు రేకు పెట్టెతో ఆమె రోలుగుంట బస్సెక్కింది. మా నాన్న పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ వారం నుంచీ అర్జీల నకళ్లకి మళ్లీ నన్నే పిలిచాడు.

ఆమె చదువు అక్కడితో సరి. చెరకు తోటల్లో కూలికి వెళ్లింది, పదహారేళ్లకి పెళ్లి చేశారు, మొగుడు తాగి తాగి పోయాడు, పిల్లల్ని ఒక్కతే పెంచింది. నేను టీచరు ట్రైనింగు చేసి ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. పేదింటి ఆడపిల్లలు చదువు మానేయడం గురించి వ్యాసాలు రాశాను, సభల్లో శాలువాలు కప్పించుకున్నాను. ఇంకా ఘోరం చెప్పాలి. స్టాఫు రూములో క్యారేజీలు విప్పుకునే వేళ కారం సేమ్యా కథ చెప్పి అందర్నీ నవ్వించేదాన్ని. పల్లెటూరి పిల్ల సేమ్యాని అన్నంలా వార్చి పచ్చడి కలిపిందట అని. బాగా చెప్పేదాన్ని, మళ్లీ మళ్లీ చెప్పమనేవాళ్లు. వార్చమన్నది ఎవరో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఒకసారి వాళ్ల ఊరి చర్చిలో ఎవరిదో పెళ్లికి సాక్షి సంతకాలు పెడుతున్నాం. రిజిష్టరులో నా సంతకం పైన ఆమెది ఉంది. అవే గుండ్రటి అక్షరాలు. చేతులు చూస్తే చెరకాకు కోసిన గీతలు మణికట్టు దాకా. నా సంతకం ఆ రోజు వంకరగా పడింది.

ఇప్పుడు ఎవరూ ఎవరి చేతా గిన్నెలు నాకించరు. రిబ్కా ఏదైనా పాడుచేస్తే వీడియో తీసి నవ్వుకుంటుంది, దాని స్నేహితులు హృదయం బొమ్మలు పెడతారు. మా నాయనమ్మ ఉంటే ఏమనేదో. అయినా ఆవిడని తిట్టుకుని నేను తప్పించుకోవడం కుదరదు. ఆవిడ తినిపించిందే గాని, వండించింది నేను.

రిబ్కా గాజుగిన్నె తెచ్చి సువార్తక్క చేతిలో పెట్టింది. పైన కీరాదోస తరుగు, సగం కోసిన ఉడికిన గుడ్డు, వేయించిన నువ్వులు. మధ్యలో అదే ఎరుపు, అదే నిగనిగ. నువ్వుల నూనె వాసన గది నిండా పరుచుకుంది. ఫోర్కు ఇస్తే పక్కన పెట్టేసి చేత్తో కలుపుకుని ముద్ద తీసుకుంది సువార్తక్క. యాభై ఏళ్ల తర్వాత మా ఇంట్లో ఆమె నోట్లోకి వెళ్లిన ముద్ద అదే. నెమ్మదిగా నమిలింది.

"బాగుందే గుంటా," అంది.

"సూపర్ కదా! ఉండు, అమ్మమ్మకి కూడా తెస్తాను," అంటూ రిబ్కా లోపలికి పరుగెత్తింది.

ఇప్పుడు కాకపోతే ఇంక లేదు. "అక్కా," అన్నాను.  "ఆ రోజు నాయనమ్మ నాతో ఏమీ చెప్పలేదు. అయ్యగారికి జబ్బూ లేదు. నేనే కల్పించాను. అంతా నేనే."

"తెలుసు," అంది, ఇంకో ముద్ద తీసుకుంటూ.

"ఎవరు చెప్పారు?"

"ఎవురు సెప్పాల? నువ్వు సెప్తన్నపుడే తెలుసు. మా ఊళ్లో సేమ్యా ఎరగమనుకున్నావేటి? క్రిస్మసుకి మా యమ్మ పాయసం కాసేది. నాకు సెయ్యడం ఒచ్చు."

ఇన్నేళ్లలో ఈ ఒక్కటి నాకు తట్టలేదు. తెలియని పిల్లని మోసం చేశాననుకున్నాను. "మరి తెలిసి తెలిసి ఎందుకు చేశావు?"

"మా యమ్మ సెప్పి పంపింది. ఆళ్లింట్లో ఆళ్ల పిల్ల ఏటి సెప్తే అది సెయ్యి, తెలివి సూపించకు, సూపిస్తే ఉండనివ్వరు అని. లెక్కల కాడ ఒకసారి సూపించేసేను కదా. అప్పుడు నీ మొకం సూసేను. మరోసారి ఎదురుసెప్తే పంపించేస్తారని, నువ్వు సెప్పినట్టే సేసేను." వేళ్లు నాక్కుంది. "సదువుకోవాలని ఉండేది నాకు. శానా ఉండేది."

"నాయనమ్మ అడిగినప్పుడు నా పేరు చెప్పాల్సింది అక్కా."

"నువ్వే సెప్తావని సూసేను. మొదటి ముద్ద కాడ్నించి కడాఖరి ముద్ద దాకా సూసేను. నూతి కాడికి నీళ్లట్టుకొచ్చేవు కదా, అప్పుడైనా సెప్తావనుకున్నాను. సెంబు పెట్టేసి ఎల్లిపోయేవు."

"క్షమించు అక్కా. ఇన్నేళ్లూ అడగలేకపోయాను. క్షమించు," అన్నాను. ఏడుపు వచ్చేసింది. మంచం దగ్గరకి కుర్చీ జరిపి చేయి పట్టుకోబోయాను. ఆమె చేయి గిన్నెలోనే ఉంది.

"ఈ కంట్లో నీళ్లు రాకూడదని సెప్పేడు డాక్టరు," అంది. "నన్ను ఏడిపించకు." క్షమించానని అనలేదు, క్షమించనని కూడా అనలేదు. తన గిన్నె ఖాళీ చేసి, అడుగు ఒకసారి చూసుకుని, కింద పెట్టింది.

రిబ్కా నా గిన్నె తెచ్చింది. నేను అందుకునే లోపలే సువార్తక్క చేయి చాచి తీసుకుని, తనే నా ఒళ్లో పెట్టింది.

"తిను. గిన్నె అడుగు కనపడాల," అంది.

అదే మాట, అదే మెల్లటి గొంతు. రిబ్కాకి ఏమీ తెలియదు కదా, పెద్దమ్మమ్మ ముద్దుగా బలవంతపెడుతోందనుకుని నవ్వింది. నేను ముద్ద తీసుకున్నాను.  మింగాను. ఇంకోటి తీసుకున్నాను. నా ఎదురుగా ఆమె నల్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒక కన్ను ఎర్రగా ఉబ్బి ఉంది, రెండోది తేటగా ఉంది. ఆ తేట కన్నుతో నన్నే చూస్తోంది, మొదటి ముద్ద దగ్గర్నుంచీ. మూడో ముద్దకి నా ముక్కూ కళ్లూ ఏకమయ్యాయి.

"అయ్యో అమ్మమ్మా, కళ్లంట నీళ్లు కారిపోతన్నాయి! కారం ఎక్కువైపోయిందా? పోనీ వదిలెయ్," అంటూ రిబ్కా గిన్నె తీసుకోబోయింది.

సువార్తక్క దాని చేయి పట్టుకుని ఆపింది.

"ఏటీ కాదే గుంటా," అంది. "ఇంకొంచెం ఎయ్యి."